మానేటిలో గాలము: కొర్రమట్టను గూర్చిన యొక పాఠము

గాలముతో చేపలు పట్టుట సులభమైన యాట యని మన బాలురు తలంచుచున్నారు. ఒక వెదురు కర్ర, నాలుగు బారల దారము, ఒక బెండు, ఒక గాలపు ముల్లు, డబ్బాలో కొన్ని వానపాములు, ఇవి యున్న చాలునని వారి యూహ. సామగ్రి నిజముగా అంతియే. కాని అదే సామగ్రితో ఒకే మడుగునొద్ద గూర్చున్న యిద్దరిలో ఒకడు సంచి నింపుకొని పోవుటయు, మరియొకడు వట్టి చేతులతో పోవుటయు మనము చూచుచున్నాము. ఈ భేదము అదృష్టమువలన గలిగినది కాదు. నీటిని, అందలి ప్రాణిని ఎరుగుటవలన గలిగినది. ఇంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి కలదు. బాగుగ పట్టనేర్చినవాడు పట్టరాని వేళ యేదో కూడ ఎరిగియుండవలయును. ఈ వ్యాసమున ఆ రెండవ మాటకే యెక్కువ చోటిచ్చితిని.

మొదట నదిని గూర్చి కొంత చెప్పవలయును. మన తంగళ్ళపల్లికిని సిరిసిల్లకును నడుమ పారు మానేరు గోదావరికి ఉపనది. ఇది మంచు కరిగి పారునది కాదు. వానను నమ్ముకొని పారునది. ఎగువన నర్మాలయొద్ద నిజాము ప్రభుత్వ కాలమున మొదలుపెట్టిన ఎగువ మానేరు ఆనకట్ట యున్నది. మనకు దిగువన మాన్వాడయొద్ద మధ్య మానేరు జలాశయము. మూలవాగు అచ్చటనే వచ్చి కలియును. ఇంకను దిగువన, కరీంనగరమునొద్ద, 1974లో ఆరంభమై 1985లో ముగిసిన దిగువ మానేరు ఆనకట్ట. మన తాతలెరిగిన మానేరు వేరు. వేసవిలో దానియందు కనుచూపు మేర ఇసుకయే కనబడెడిది. జనులు చెలిమలు త్రవ్వి నీరు తోడుకొనెడివారు. చేపలు అక్కడక్కడ మిగిలిన లోతు మడుగులలోను, ప్రక్కనున్న కుంటలలోను తల దాచుకొని తొలకరి కొరకు కనిపెట్టుకొని యుండెడివి. 2019లో కాళేశ్వరము ఎత్తిపోతల నీరు మధ్య మానేటిలోనికి వచ్చెను. చీర్లవంచ, చింతలఠాణా వంటి గ్రామములవారు ఇండ్లు విడిచి పోయిన చోట ఇప్పుడు తెప్పలమీద వలలు వేయుచున్నారు. నది నది గానే యున్నది గాని, దాని నడక మారినది.

నడక మారిన నదిలో చేపలును మారును. పారు నీటిని, ఇసుకను ఆశ్రయించి బ్రదుకు ఇసుకదొందు వంటి చిన్న చేపకు, ఇసుక లారీల కెక్కిపోయిన వాగులో చోటెక్కడ? నిలువ నీటికి తగిన బొచ్చె, రవ్వ మొదలగు చేపల పిల్లలను 2016 మొదలుకొని తెలంగాణ ప్రభుత్వము చెరువులలోను జలాశయములలోను ఉచితముగా విడిపించుచు వచ్చినది. 1952లో విదేశమునుండి మన దేశమునకు తేబడిన తిలాపియా, మనవారు జిలేబి చేప యనునది, పిలువని చుట్టమువలె ప్రతి గుంటలోను చేరినది. పరకలు, పక్కెలు, జెల్లలు ఇంకను దొరకుచున్నవి. వీటి యన్నిటి నడుమ రాజువలె నుండునది కొర్రమట్ట. కోస్తా సీమలో దీనినే కొర్రమీను అందురు. తెలంగాణ రాష్ట్రము తన రాష్ట్ర మత్స్యముగా ఎన్నుకొన్నది దీనినే.

కొర్రమట్ట గొప్పతనము తెలియవలెనన్న, దానికి సరిగా విరుద్ధమైన చేపను ముందు తెలిసికొనుట మేలు. ఆంగ్లదేశపు పల్లపు సీమలలో పారు చిన్న నదులలో ట్రౌట్, గ్రేలింగ్ అను రెండు చేపలు గలవు. ఆ దేశస్థులు వీటిని గాలముతో పట్టుటను ఒక కళగా సాధించిరి. ఐజాక్ వాల్టన్ అను నాతడు 1653లో గాలపు విద్యను గూర్చి ప్రకటించిన గ్రంథము నేటికిని అచ్చగుచున్నది. గ్రేలింగునకు శాస్త్రనామము థైమాలస్. అప్పుడే పట్టిన చేప థైమ్ అను మూలికవలె వాసన వేయునని ఆ పేరు వచ్చినది. ఆ మూలిక మనకు తెలియకున్నను దాని వాసన తెలియకపోదు. మన వాములో నుండు థైమాల్ అను పదార్థమే దానియందును గలదు.

ఈ రెండు చేపలకును చల్లని పారు నీరు ప్రాణాధారము. కారణము విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. నీరు ఎంత చల్లగా నున్న అంత యెక్కువ ప్రాణవాయువును తనలో ఇముడ్చుకొనును. 10 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల మంచినీరు లీటరునకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టగలదు. 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి పట్టజాలదు. ఇక వేడెక్కిన నీటిలో చేపకు ప్రాణవాయువు అవసరము హెచ్చును. అనగా కావలసినది పెరుగుచుండ దొరకునది తరుగుచుండును. నీరు 25 డిగ్రీలు దాటి కొంతకాలము నిలిచెనా, ట్రౌటు బ్రదుకుట దుర్లభము. మన మానేటిలో అట్టి చేపను విడిచినచో ఫాల్గుణము దాటునా? దక్షిణ దేశమున ట్రౌటు స్థిరపడినది నీలగిరుల వంటి ఎత్తైన చోట్లనే. 1900 తరువాతి మొదటి పదేండ్లలో విల్సన్ అను నధికారి అవలాంచి యొద్ద పొదుగుశాల నేర్పరచి ఆ పనిని సఫలము చేసెను.

ట్రౌటు ఊపిరాడక చచ్చు నీటిలో కొర్రమట్ట హాయిగా నుండును. ఎట్లనగా, దాని తలలో మొప్పలకు పైభాగమున గాలిని పీల్చుకొను గది యొకటి గలదు. అది మాటిమాటికి నీటిమీదికి వచ్చి నోటితో గాలి తీసికొని మరల దిగును. ఇది దానికి వేడుక కాదు, అవసరము. పైకి రానీయకుండ వలలో చిక్కించి నీటి అడుగుననే యుంచితిమా, నీటిలోనే యున్నను అది ఊపిరాడక చచ్చును. చేప నీట మునిగి చచ్చుట యను మాట వినువారికి హాస్యముగా తోచును. కాని అది వాస్తవము. ఈ గుణమువలననే సంతలో బెస్తవారు దానిని కొద్ది నీటి గిన్నెలో నుంచి సాయంకాలము వరకు ప్రాణముతో అమ్మగలుగుచున్నారు. కుంట యెండినప్పుడు బురదలో దూరి, మరల వాన పడువరకు తాళుకొనుటయు దీనివలననే. ఎండి నిండు మానేటికి తగిన చేప యిదియే గదా!

దీనికి చన్నా స్ట్రయేటా అని శాస్త్రనామము. రెండవ పదమునకు చారలు గలది యని యర్థము. 1793లో దీనిని మొదట శాస్త్రరీతిగా వర్ణించినవాడు బెర్లిన్ నగరపు వైద్యుడు బ్లాక్. ఆతనికి మన దక్షిణ దేశపు చేపలను సీసాలలో నిలువచేసి పంపుచుండినవారిలో తరంగంబాడి మిషనరీ క్రిస్టోఫ్ శామ్యూల్ జాన్ ముఖ్యుడు. ఆ కృతజ్ఞతచే బ్లాక్ ఒక సముద్రపు చేపకు జాన్ పేరు పెట్టెను. ఒడ్డున దొరకిన ప్రాణిని శ్రద్ధతో చూచి దాచి పంపినవాని పేరు రెండు వందల యేండ్ల తరువాతను పుస్తకములలో నిలిచియున్నది. మన బాలురు గమనింపవలసిన సంగతి.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. చేపలలో ఎక్కువ జాతులు గ్రుడ్లు పెట్టి తమ దారిన తాము పోవును. ట్రౌటు గులకరాళ్ళలో తోకతో గుంట చేసి, గ్రుడ్లు పెట్టి, రాళ్ళతో కప్పి పోవును. మరల వెనుదిరిగి చూడదు. రవ్వ, బొచ్చెలు వరద నీటిలో లక్షలకొలది గ్రుడ్లు వదలి పోవును. చేపపిల్లకు ఈత నేర్పవలెనా యని మనవారు సామెత చెప్పుదురు. కొర్రమట్టయు ఈత నేర్పదు గాని, కాపలా కాచును. తొలకరి వానలకు కొత్తనీరు రాగానే ఆలుమగలు జతగూడి, ఒడ్డున తుంగయో నాచో పెరిగిన లోతు తక్కువ చోట, గుండ్రముగా కొంత స్థలము శుభ్రపరచును. గ్రుడ్లు నూనెబొట్టు గలవి గనుక నీటిపై తేలును. పసుపుపచ్చని ముత్యములు చల్లినట్లుండును. ఒకటి రెండు దినములలో అవి పొదుగును. కొలది దినములకు పిల్లలు ఎరుపురంగు దాల్చి, వందలకొలది ఒకే గుంపుగా కదలుచుండును. గాలి కొరకు అవి యొకేసారి పైకి వచ్చినప్పుడు నీటిపై చినుకులు పడినట్లు కనబడును. ఆ గుంపు క్రిందనే, ఒక మూర లోతున, తల్లిదండ్రులు తిరుగుచుండును. పిల్లలు రెండు అంగుళముల పొడవై ఎరుపు మాసి నల్లబడువరకు, అనగా కొన్ని వారములపాటు, ఈ కాపలా సాగును.

మా తరగతివారిని ఒక శ్రావణమాసమున కుంట గట్టునకు తీసికొనిపోయినప్పుడు ఇట్టి ఎర్రని గుంపు కనబడెను. ఒక కప్ప అటువైపు దూకగా నీరు బద్దలైనంత చప్పుడు! కప్ప మరల కనబడలేదు. పిల్లవాడొకడు, “సార్, దానికి ఆకలి గొన్నదా?” యని యడిగెను. ఆకలి కాదు. అప్పుడు అది తినుటకై పైబడదు, తరుముటకై పైబడును. గాలపువాండ్రు ఈ రహస్యమెరుగుదురు. ప్రాణముతో నున్న చిన్న కప్పను ముల్లునకు గ్రుచ్చి, ఎర్రపిల్లల గుంపు నడుమ ఆడించినచో, ఇతర వేళల పది దినములకైనను చిక్కని పెద్ద కొర్రమట్ట ఒక్క నిమిషములో చిక్కును. అదియే యీ విద్యలో అన్నిటికంటె సులభమైన పట్టు. నా యభిప్రాయమున అన్నిటికంటె నీచమైన పట్టును అదియే. చిక్కినది ఒక చేప. ఆ సాయంకాలము మొదలుకొని కాపులేని ఆ వందల పిల్లలను జెల్లలు, వాలుగలు, నీటికాకులు, తాబేళ్ళు పంచుకొని తినును. రెండేండ్ల తరువాత ఆ కుంటలో కొర్రమట్ట లేదేమని ఆశ్చర్యపడువారు ఆ సంగతి తలపరు.

ఇందు మనకొక చిక్కు గలదు. మృగశిర కార్తె జూను నెల 7, 8 తేదీల ప్రాంతమున ప్రవేశించును. ఆనాడు చేప తినవలెనని మన సీమలో ఆచారము. కొర్రమట్ట యైన మరియు శ్రేష్ఠమందురు, వెలయు రెట్టింపగును. తొలకరి పడి, చేప గూడు కట్టుకొను సమయమును సరిగా అదియే. ఆచారమును విడువుమని నేను చెప్పను. వానకాలపు మొదటి చలికి వేడి చేయు ఆహారమని పెద్దలు దానిని పెట్టుకొనిరి. కాని నేడు కొర్రమట్టను చెరువులలోను తొట్లలోను పెంచి అమ్మువారున్నారు. మృగశిరనాడు అట్టిది కొనిన ఇంటిలో కూరయు తగ్గదు, వాగులో గూడును చెడదు. ఇది బాలురకంటె తలిదండ్రులతో చెప్పవలసిన మాట.

ఏ చేపకు ఏ కాలమున విరామమియ్యవలెనో ఆ చేప జీవితమే చెప్పును. ఆంగ్లదేశమున 1878 చట్టమువలన నదులలో ట్రౌటు, సాల్మను జాతులు గాక తక్కిన చేపలకు మార్చి 15 మొదలు జూను 15 వరకు విరామ కాలమేర్పడినది. గ్రేలింగు వసంతమున గ్రుడ్లు పెట్టును గనుక దానికిని అదియే విరామము. ట్రౌటు శీతకాలమున గ్రుడ్లు పెట్టును. దాని విరామము శీతకాలమున. ఒకే వాగులో ఒకటి విశ్రమించుచుండ రెండవదానిని పట్టుదురు. మనము ఆ తేదీలను ఇచ్చటికి తెచ్చుకొనుట అవివేకము. మనకు వసంతము గాదు, వాన ముఖ్యము. తొలకరి మొదలు వినాయక చవితి వరకు కొర్రమట్టను విడిచి, జిలేబి చేపలను ఎన్నియైనను పట్టుకొనవచ్చునని నేను బాలురకు చెప్పుచున్నాను. జిలేబికి పిండిముద్ద చాలును. అది తరిగినందున మానేటికి నష్టమేమియు లేదు.

చెరువులలో చేపల హక్కు సాధారణముగ మత్స్యకారుల సహకార సంఘములకుండును. ముదిరాజులు, గంగపుత్రులు తరతరములుగా ఈ నీటిపై బ్రదుకువారు. గాలము వేయుటకు పోవు బాలుడు గట్టుమీద నున్న సంఘపు పెద్దను, “తాతా, ఇక్కడ గాలమేయొచ్చునా?” అని ముందుగ అడుగవలయును. అడిగినవానికి వద్దను మాట అరుదు. పైగా ఏ రాతియొద్ద ఏ చేప యుండునో ఉచితముగా చెప్పుదురు. ఆ జ్ఞానము పుస్తకములలో దొరకదు. మద్రాసు సివిల్ సర్వీసునందుండిన హెచ్. ఎస్. థామస్ అను దొర 1887లో మన దేశపు చెరువులలో గాలము వేయుటను గూర్చియే ప్రత్యేకముగ నొక పుస్తకము ప్రకటించెను. దొరకే చెరువులో పాఠమున్నట్లు తోచినప్పుడు, చెరువుగట్టున పుట్టినవారము మనము నేర్చికొనుటకు సిగ్గేల?

ఇక పట్టు పద్ధతి కొంత. చేప వేగపు నీటిలో ప్రవాహమునకు ఎదురుగ తల పెట్టి నిలుచును. రాయి వెనుకను, వేళ్ళ సందునను, చెక్ డాము దిగువన నురుగు తగ్గు చోటను దానికి శ్రమ తక్కువ, ఆహారమెక్కువ. కనుక అచ్చట వెదకవలయును. నీడ నీటిపై పడనీయరాదు. గట్టుపై దబదబ నడువరాదు. చేపకు రెండు ప్రక్కల నుండు గీతవంటి యవయవము నీటి యదురును కనిపెట్టును, మన మాటలకంటె మన అడుగులే దానికెక్కువ తెలియును. మరమగ్గముల యూరివారికి దారపు బలమును గూర్చి నేను చెప్పనక్కరలేదు. బెండునకు జీలుగు బెండుగాని నెమలి యీక కాడగాని చాలును. బెండు మొదటిసారి వణికినప్పుడే లాగువాడు చేపను పోగొట్టుకొనును. అది పక్కకు నడచి మునిగినప్పుడు లాగవలయును. జెల్లను ముల్లునుండి విడిపించునప్పుడు దాని రెక్క ముండ్లను, వీపు ముల్లును తప్పించి పట్టుకొనవలెను. గ్రుచ్చుకొనిన చేతిని తాళగలిగినంత వేడి నీటిలో నుంచిన నొప్పి తగ్గును. సువార్తలలో వలలను గూర్చి పలుమార్లు చెప్పబడినను గాలపు ప్రస్తావన మత్తయి 17వ అధ్యాయమున ఒక్కచోటనే గలదు. ఏ వచనమో పిల్లలు వెదకి తెచ్చెదరు గాక.

మందుగుండు ప్రేల్చియు, నీటిలో విషము కలిపియు చేపలు పట్టుట 1897 నాటి భారత మత్స్య చట్టములోనే నేరముగ నెంచబడినది. దానిని గూర్చి ఇంతకంటె వ్రాయుట అనవసరము.

తలిదండ్రుల భయమును గూర్చి మాత్రము వ్రాయవలయును. పూర్వపు మానేరు మెల్లగా లోతగుచు పోవునది. మోకాటి నీటిలో నిలిచినవాడు నాలుగడుగులు వేసినను నడుము దాటెడిది కాదు. ఇసుక తీసిన తరువాత అడుగున గోతులు మిగిలినవి. పైనుండి చూచిన నీరంతయు సమముగానే కనబడును. మోకాటి నీటినుండి ఒక్క యడుగులో నిలువెత్తు నీరు రావచ్చును. 2021 నవంబరులో సిరిసిల్లయొద్ద మానేటి చెక్ డాము దగ్గర ఈతకు దిగిన బడిపిల్లలు మునిగి మరణించిరి. ఆ యిండ్ల తలుపులు దాటి పోవువారెవరికిని ఆ సంగతి పాతది కాలేదు. కనుక మన పాఠశాల బాలురకు నియమమిది: గాలము ఒడ్డుననుండియే వేయవలయును, ముల్లు రాతికి తగులుకొనిన దారము తెంపుకొనవలయునేగాని దిగరాదు, పెద్దవాడొకడు వెంట లేక పోరాదు, ఎగువన తూములు ఎత్తిరని వినిన దినమున నది మొగమే చూడరాదు. గాలపు ముల్లు వెల అయిదారు రూపాయలు.

సెలవులలో చేయవలసిన పని యొకటి చెప్పెదను. వెడల్పైన తొట్టిలో జానెడు నీరు పోసి, అంగడినుండి తెచ్చిన చిన్న కొర్రమట్టను విడిచి, పైన జల్లెడవంటి మూత వేయుడు. మూత లేకున్న అది దూకి పోవును. నీటికిని మూతకును నడుమ గాలికి చోటుండవలెను. ఉదయము అరగంట, మధ్యాహ్నము అరగంట ప్రక్కన గూర్చుండి, అది ఎన్నిమారులు గాలికొరకు పైకి వచ్చునో లెక్కించి, నీటి వేడితో కూడ పుస్తకమున వ్రాసికొనుడు. మధ్యాహ్నపు లెక్క ఉదయపు లెక్కకంటె ఎక్కువగ నుండునా, తక్కువగ నుండునా? ఏల? పైన వ్రాసిన ప్రాణవాయువు లెక్కలు రెండును ఇందుకు పనికివచ్చును. బడి తెరచిన మొదటి వారమున ఆ పుస్తకములను చూచెదను.